గిరాకీల పేర్లపట్టీ: దానిని వర్గములుగా విడదీయు పద్ధతి

ఈ నడుమ మన సభ్యుల జాబులలో ఒక మాట పదేపదే కనబడుచున్నది. "ఫోనులో నాలుగైదు వందల పేర్లున్నవి. కొత్త సరుకు దిగినప్పుడెల్ల బొమ్మలు పంపుచున్నాము. బాగున్నదని చేతులు జోడించిన గుర్తు పంపువారే గాని కొనువారు లేరు" అని. షోలాపూరు వారును, సేలము వారును, బరంపురము వారును ఇంచుమించు ఇదే వ్రాసినారు. సరుకు మంచిదే. ధరయు న్యాయమైనదే. పేర్లన్నింటిని ఒకే కుప్పగా పోసి అందరికి ఒకే మాట చెప్పుటలోనే చిక్కు ఉన్నది. ఆ కుప్పను విడదీయుట ఎట్లో, విడదీసిన పిమ్మట వాడుకొనుట ఎట్లో మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరించుచున్నాము.

ముందు మాకు తగిలిన దెబ్బలు రెండు చెప్పెదము. మేము షోలాపూరులో చాదర్లు, టవల్సు అమ్ముకొనుచు, చేమగ్గములమీద కొన్ని చీరలు కూడ నేయించుచుందుము. మహారాష్ట్రులలో క్రొత్తగా పెండ్లియైన పిల్ల మొదటి సంక్రాంతికి నల్లచీర కట్టుట ఆచారము. ఆ గిరాకీని నమ్మి ఒక సంవత్సరము నల్లచీరలు నేయించి, పండుగకు పది రోజుల ముందు బొమ్మలు తీసి ఫోనులోనున్న వారికందరికి పంపినాము. మరాఠీ ఇండ్లనుండి బేరములు వచ్చినవి. కాని ఆ సాయంకాలమే మన తెలుగు ఇంటి ఇల్లాలొకామె, ఇరవై యేండ్లుగా మా వద్దనే కొనుచున్నామె, ఫోను చేసి, "ఏమన్నా, బిడ్డ పెండ్లయిన మొదటి పండుగ, అల్లుడొస్తున్నడు. మా యింటికి నల్లచీర పంపుతరా మీరు?" అని అడిగినది. మేము పంపినది బొమ్మయే గాని చీర కాదు. అయినను ఆమెకు కలిగిన కష్టము నిజమైనదే. మా పెద్దవదినగారు స్వయముగా పోయి పసుపు కుంకుమ పెట్టి వచ్చిన పిమ్మట గాని ఆ యింటితో మాట కలియలేదు.

రెండవది ఇంతకంటె ఖరీదైనది. టోకు వర్తకులకని వ్రాసిన డజను ధరల కాగితము చిల్లర గిరాకీలకు కూడ పోయినది. ముందువారమే ఆరు టవల్సు చిల్లర ధరకు కొన్న ఒక ఉపాధ్యాయుడు, తనవద్ద ఎంత ఎక్కువ తీసికొన్నామో లెక్కకట్టి తిరిగి పంపినాడు. ఆయనకు సమాధానము చెప్పగలిగినాము. చిల్లరకు పంపిన పండుగ ధరల కాగితము ఒక టోకు వర్తకునికి చేరినప్పుడు మాత్రము సమాధానము లేకపోయినది. ఆయన ఊరిలోనే, ఆయన గిరాకీలకే, ఆయన అమ్ము ధరకంటె తక్కువకు మేము అమ్ముచున్నామని ఆయనకు అట్లు తెలిసినది. రెండు సీజనులు ఆయన మావద్ద సరుకు తీసికొనలేదు.

ఈ రెండు తప్పులకును మూలమొకటే. నూలు విషయములో మనము ఇట్టి తప్పు ఎన్నడును చేయము. 20 నంబరు చిలపలు, 60 నంబరు చిలపలు ఒకే మూటలో కట్టము. అద్దకము వేరైన కండెలను ఒకే బుట్టలో వేయము. ఏ చిలప ఏ పడుగుకో చీటీ కట్టి పెట్టుదుము. గిరాకీల పేర్లను మాత్రము బిల్లు పుస్తకములో కొన్ని, ఫోనులో కొన్ని, ప్రదర్శనశాలలో సంతకము చేయించిన నోటుపుస్తకములో కొన్ని, ఇంటి పెద్దావిడ జ్ఞాపకములో కొన్ని ఉంచి ఊరకొందుము.

పెద్దావిడ జ్ఞాపకమని ఊరక అనలేదు. మా యింట ఏ గిరాకీకి ఏమి కావలెనో అందరికంటె బాగుగ తెలిసినది పెద్దవదినగారికే. "కలబురిగి ఆమెకు పెద్దంచు వద్దు, ఆమె పొట్టిది. ఆయన ఆస్పత్రికి తెల్లవే పంపుండ్రి, రంగువి వాపసు వస్తయి" అని ఆమె చెప్పునప్పుడు అది వర్గీకరణమని మాకు తట్టలేదు. పట్టీ తయారుచేయుటకు కూర్చుండువారు ముందు ఇట్టివారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రెండు మధ్యాహ్నములు వారిని మాట్లాడనిచ్చి వ్రాసికొనవలెను. ఇది కంప్యూటరువల్ల దొరకని సమాచారము.

ఇక పని. మొట్టమొదట అన్నిచోట్ల ఉన్న పేర్లను ఒకచోటికి చేర్చవలెను. బిల్లు పుస్తకములు, పార్సెలు రసీదులు, ఫోనులోని పేర్లు, యూపీఐ ద్వారా డబ్బు పంపినవారి పేర్లు, ప్రదర్శనలలో చిరునామా వ్రాసిపోయినవారు. ఇందులో ఒకే మనిషి మూడుసార్లు వచ్చును. ఫోనులో "కమల టవల్" అనియు, బిల్లులో ఇంటిపేరుతోను, డబ్బు పంపినచోట ఆమె కుమారుని పేరుతోను ఉండును. వీటిని కలిపి ఒక్క వరుసగా చేయుట విసుగైన పని. అయినను ఇది చేయనిచో ఒకే ఇంటికి ఒకే కబురు మూడుసార్లు పోవును. మూడవసారికి వారు మనలను ఆపివేయుదురు.

పట్టీ గీతల పుస్తకములోనైనను సరే, కంప్యూటరులోని గడుల కాగితములోనైనను సరే. రెండవది మేలు, ఏలననగా కావలసినవారినే ఏరి చూపుటకు దానికి క్షణము చాలును. ఒక మనిషికి ఒక వరుస. ఆ వరుసలో గడులు ఇవి: పేరు, ఊరు, ఫోను నంబరు, మాట్లాడు భాష, చదువు భాష, టోకా, చిల్లరా, సంస్థయా, ఏమి కొనును, చివరిసారి కొన్న నెల, సంవత్సరము, మనకు ఎట్లు పరిచయము, కబురు పంపుటకు ఒప్పుకొన్నారా, ఎప్పుడు, చివర ఒక చిన్న వివరము. అన్నియు మొదటి దినమే నిండవు. నిండినంతవరకు నింపి, మిగిలినవి బేరము జరిగినప్పుడెల్ల నింపుచు పోవలెను.

ఇక్కడ చాలమంది చేయు పొరపాటొకటి ఉన్నది, మేమును చేసినాము. వర్గమునకొక పుస్తకము పెట్టుట. టోకువారికొకటి, చీరలవారికొకటి, తెలుగువారికొకటి, హోటళ్ళకొకటి. చూచుటకు ముచ్చటగా ఉండును. కాని ఒక మనిషి ఒకే వర్గమునకు చెందడు. హోటలు యజమాని ఇంటి పెండ్లికి చీరలు కొనును. ఆయన తెలుగువాడు కూడ కావచ్చును. అప్పుడాయన పేరు మూడు పుస్తకములలో వ్రాయవలసి వచ్చును. ఆయన ఫోను నంబరు మారినప్పుడు ఒక పుస్తకములో దిద్ది రెండింటిలో మరచిపోవుదుము. కావున పట్టీ ఒక్కటే ఉండవలెను. వర్గమనునది పుస్తకము కాదు. గడులనుబట్టి ఆ పూటకు ఏరుకొను పేర్ల వరుస. పని తీరినపిమ్మట ఆ వరుసతో పనిలేదు. పడుగు ఒక్కటే, పేకనుబట్టి అంచు మారును గదా, అట్టిదే ఇది.

ఎన్ని గడులు పెట్టవలెనని అడుగువారికి మేము చెప్పు కొలత ఒక్కటే. ఆ భేదమువలన మనము చెప్పు మాటగాని, చెప్పు రోజుగాని, ధరగాని మారునా? మారినచో గడి పెట్టుడు. లేకున్న వద్దు. మా కుమారుడు ఉత్సాహముకొద్దీ గిరాకీల వయస్సు, పుట్టినరోజు కూడ వ్రాయ మొదలుపెట్టినాడు. చాదరు కొనువాని పుట్టినరోజు మన కెందుకు? అడుగగా వారును అట్లే అన్నారు. అట్లే కులము, మతము, బాకీ, ఇంటి తగవులు ఈ పట్టీలో వ్రాయరాదు. బాకీ ఖాతాలో ఉండవలెను. ఈ పట్టీ నలుగురి చేతికి పోవునది. ఇందులో ఎవరినిగూర్చి వ్రాసినది వారు చదివినను మనము సిగ్గుపడకుండవలెను.

ఇప్పుడు ముఖ్యమైన విభాగములు చూతము. టోకు, చిల్లర, సంస్థలు అను మొదటి విభాగము ధరకు సంబంధించినది. ఇది మాత్రము ఎన్నడును కలియరాదు. హోటళ్ళు, లాడ్జీలు, ఆస్పత్రులు అను సంస్థలకు రంగుల ముచ్చట అక్కరలేదు. 30 × 60 అంగుళముల తెల్ల టవలు ఎన్ని గ్రాముల బరువు, ఎన్ని ఉతుకులకు నిలుచును, ఎన్ని దినములలో వచ్చును అనునవే కావలెను. వారికి పండుగ బొమ్మలు పంపుట వారి కాలము, మన కాలము వృథా చేయుట. మహారాష్ట్రులలో పెండ్లికి వచ్చిన పెద్దలకు టవలు, టోపీ పెట్టి గౌరవించు మర్యాద ఉన్నది. అట్టి గిరాకీ చిల్లరవాడే అయినను ఒకేసారి వంద టవల్సు కొనును. ఆయనను ఎక్కడ వేయవలెనో మేము చాల దినములు తేల్చుకొనలేకపోయినాము. తుదకు ‘చిల్లర, పెండ్లి’ అని వ్రాసికొన్నాము. పెండ్లి ముగిసినపిమ్మట మరల ఆయన ఆరు నెలలకు రెండు చాదర్లు కొనువాడే.

రెండవది భాష. మన పట్టీలో భాషకు రెండు గడులు ఎందుకని అడుగవచ్చును. తమిళనాడులో మూడు నాలుగు తరములుగా ఉన్న మన పద్మశాలీలు, దేవాంగులు ఇంట తెలుగు మాట్లాడుదురు గాని చదువుట తమిళము. షోలాపూరులో మన పిల్లలు మరాఠీ బడిలో చదివినవారు. బరంపురములో ఒడియా. తెలుగువారు గదా అని తెలుగు అక్షరములలో కబురు పంపితిమా, వారు చదువలేక వదలివేయుదురు. (ఈ పత్రికను కూడ పలువురి ఇండ్లలో పెద్దలు పైకి చదువగా పిల్లలు వినుచున్నారని మాకు తెలియును.) అట్టివారికి గొంతుతో తెలుగులో నాలుగు మాటలు చెప్పి పంపుట మంచిది. మేనత్త మాట్లాడినట్లుండును, ఆసాంతము విందురు. ధర, కొలత మాత్రము వారు చదువు లిపిలో క్రింద వ్రాయవలెను.

భాషతో ముడిపడినదే పంచాంగము. ఇది మన వ్యాపారములో అన్నింటికంటె పెద్ద సంగతి కావున కొంచెము విస్తరించి చెప్పెదము.

2023వ సంవత్సరములో శ్రావణము అధికమాసముగా వచ్చినది. జూలై 18 మొదలు ఆగస్టు 16 వరకు అధిక శ్రావణము. తెలుగు, కన్నడ ఇండ్లలో ఆ నెల శుభకార్యములు లేవు. వరలక్ష్మీ వ్రతము నిజ శ్రావణములో ఆగస్టు 25న పడినది. అలవాటు చొప్పున జూలై నెలాఖరులో వ్రతమునకు చీరలని కబురు పంపినవారికి పలుకు రాలేదు. ఆగస్టు రెండవ వారమునకు వారి గిరాకీలు ఆ మాట విని విని విసిగియుండిరి.

అదే నెల మహారాష్ట్రులకు ధోండా నెల. అధికమాసములో కూతురిని, అల్లుని ఇంటికి పిలిచి, పూర్ణముతో చేసిన ధోండేలు వడ్డించి, అల్లునికి బట్టలు పెట్టుట వారి ఆనవాయితీ. మనకు ఏమియు కొనని నెల వారికి తప్పక కొను నెల. తెలుగు ఇంటికి పోయిన "ఈ నెలలో అల్లుళ్ళకు బట్టలు" అను మాట నవ్వు పుట్టించును. మరాఠీ ఇంటికి అదే మాట పోకున్న బేరము ప్రక్క దుకాణమునకు పోవును.

ఇక తమిళులది సౌరమానము. వారికి ఆ రోజులు, జూలై 17 నుండి, ఆడి నెల. అధికమాసముతో వారికి పనిలేదు. ఆడిలో పెండ్లిండ్లు చేయరు; దుకాణములన్నియు ఆడి తగ్గింపు ధరలని బోర్డులు కట్టును. ఆ తగ్గింపులతో పోటీ పడగల లాభము చేనేతవానికి లేదు. కంచిలో, సేలములో ఉన్న మనవారు ఆ నెలలో తగ్గింపు పాట పాడక, ఆవణి ముహూర్తములకు ముందుగా చీరలు చెప్పించుకొనుడని పెండ్లివారి ఇండ్లకు మాత్రమే చెప్పుకొనుట లాభము. ఒక్క ముప్పది రోజులకు మూడు కబుర్లు, మూడు వర్గములు. వీటిని కలిపి ఒకటి చేయుటకు వీలులేదు.

2026వ సంవత్సరమునకు జ్యేష్ఠము అధికము, మే 17 మొదలు జూన్ 15 వరకు. అధికమాసము దాదాపు రెండున్నర యేండ్లు దాటి, మూడేండ్ల లోపల ఒకసారి వచ్చుచుండును. కావున పట్టీ ప్రక్కన ఆ యేటి పంచాంగము ఉండి తీరవలెను.

బరంపురమువారికి మరియొక మెలిక. అక్కడి మన దేవాంగులు నేయు పట్టుచీరలు ఒడియా ఆడవారికి ఇష్టమైనవి. సావిత్రీ వ్రతమునాడు ఒడియా ముత్తైదువలు కొత్తచీర కట్టుదురు. అది వారి లెక్కకు జ్యేష్ఠ అమావాస్య. నెల పున్నమితో ముగియు లెక్క వారిది, అమావాస్యతో ముగియు లెక్క మనది. కావున మన పంచాంగములో అదే దినము వైశాఖ బహుళ అమావాస్య. తెలుగు పంచాంగము చూచి జ్యేష్ఠ అమావాస్యకని సిద్ధపడువాడు నెల ఆలస్యమగును. జూన్ నడుమ మిథున సంక్రమణమునకు వచ్చు రజ పండుగకు కన్నెపిల్లలకు కొత్తబట్టలు కావలెను. అనగా ముత్తైదువలున్న ఇండ్లు, పెండ్లికాని ఆడపిల్లలున్న ఇండ్లు వేరువేరు వరుసలుగా ఏరుకొన్నచో రెండు కబుర్లును చక్కగా చేరును. రెండేండ్లకొకసారి జరుగు బుఢీ ఠాకురాణి జాతర, మన దేవాంగుల చేతిమీదుగా సాగునది, వచ్చిన సంవత్సరము పైయూళ్ళ చుట్టములందరు దిగుదురు. వారిని ‘జాతరకు వచ్చువారు’ అని గుర్తు పెట్టుకొనవలెను; మిగిలిన యేట వారికి పంపి లాభము తక్కువ.

మూడవ విభాగము, చివరిసారి ఎప్పుడు కొన్నారు అనునది. దీనిని చాలమంది పట్టించుకొనరు. ఒక కుటుంబమువద్ద 400 పేర్లున్నవనుకొందము. అందులో టోకు 30, సంస్థలు 20, చిల్లర ఇండ్లు 350. ఈ 350లో సంవత్సరము లోపల కొన్నవారు 140, ఒకటి మొదలు మూడేండ్ల క్రిందట కొన్నవారు 90, అంతకు పూర్వము కొన్నవారు 70, ధర అడిగి కొననివారు 50 అనుకొందము. నల్లచీరల కబురు పంపవలెను. మరాఠీ ఇండ్లు 180. వానిలో చాదర్లు తప్ప మరేమియు కొననివారిని తీసివేయగా 70. మూడేండ్లుగా ముఖము చూపనివారిని తీసివేయగా 45. ఈ 45 మందికి ఒక్కొక్కరికి పేరు పెట్టి, పోయినసారి కొన్న చీర తలచి, వేరుగా వ్రాయుట ఒక సాయంకాలపు పని. 400 మందికి అట్లు వ్రాయుట ఎవరివలనను కాదు. పట్టీని విడదీయుటవలన వచ్చు అసలు లాభమిదే. కబురు ప్రకటనగా గాక జాబుగా పోవును.

సంవత్సరము లోపల కొన్నవారిని మాటిమాటికి వేధింపరాదు. ఇప్పుడే చాదర్లు కొన్న ఇంటికి మరల చాదర్లు ఎందుకు? వారికి వేరు సరుకు చూపవలెను, లేదా వారి బంధువులకు చెప్పుమనవలెను. ఒకటి మొదలు మూడేండ్ల నాటివారే అందరికంటె విలువైనవారు. వారు మనలను మరచిపోలేదు, కాని వేరొకరిని వెదకుకొనుచుందురు. వారికి ఫోనులో వ్రాయుటకంటె మాట్లాడుట మేలు. మేము అట్లు మాట్లాడగా, ఒకాయన, చాదరు మొదటి ఉతుకుకే రంగు విడిచినది, చెప్పి ఏమి లాభమని ఊరకున్నానన్నాడు. ఆ చాదరు మార్చి ఇచ్చినాము. ఆ అద్దకమువాని వద్దనుండి అప్పుడు తెచ్చిన నూలంతయు తిరిగి చూచుకొన్నాము. పేరు పక్కన తేదీ లేకున్న ఈ సంగతి మాకు ఎన్నటికి తెలిసెడిది కాదు.

అడిగి కొననివారిని తీసివేయరాదు గాని, వారేమి అడిగినారో వ్రాసికొనవలెను. నలుగురు ఒకే కొలత అడిగి వెళ్ళినారన్న మగ్గము ఎక్కింపవలసినదేదో తెలియును.

ఇక పంపు సాధనములు. వాట్సాపులో గుంపు వేరు, బ్రాడ్‌కాస్ట్ జాబితా వేరు. గుంపులో ఒకరి నంబరు అందరికి కనబడును. బ్రాడ్‌కాస్టులో ఒకసారి పంపిన కబురు ఒక్కొక్కరికి విడిగా చేరును. ఒకరి సంగతి మరొకరికి తెలియదు. గిరాకీలకు రెండవదే వాడవలెను. మేము తెలియక మొదట గుంపు పెట్టినాము. గిరాకీవలె అందులో చేరిన ఒక వర్తకుడు నెల తిరుగకముందే అందరి నంబర్లు ఎత్తికొని, మా బొమ్మలే చూపి మరమగ్గపు సరుకు అమ్మజూచినాడు. ఇరవైయేండ్ల పరిచయములు మా చేతులతో మేమే ఆయన ముందు పరచినాము. ఎవరిని అనుకొనవలెను?

బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కదానిలో 256 మంది వరకు ఉండవచ్చును. ఈ లెక్కలను ఆ కంపెనీవారు అప్పుడప్పుడు మార్చుచుందురు గనుక చూచుకొనవలెను. ముఖ్యమైన నియమము వేరొకటి. మన నంబరును తమ ఫోనులో పేరుతో దాచుకొన్నవారికే బ్రాడ్‌కాస్ట్ కబురు చేరును. నాలుగు వందలమందికి పంపితిమని అనుకొనుచుందుము. అందులో సగముమంది మన నంబరు దాచుకొని ఉండరు. వారికి అసలు పోనేలేదు. బేరము కుదిరినపుడే, బిల్లు ఇచ్చుచు, "మా నంబరు రాసి పెట్టుకోండి" అని అడుగుట అలవాటు చేసికొనవలెను. వ్యాపారపు వాట్సాపులో పేర్లకు లేబుళ్ళు అంటించు సౌకర్యము ఉన్నది. అది పనికివచ్చును గాని పట్టీకి బదులు కాదు. ఫోను పోయిన దినమున లేబుళ్ళు కూడ పోవచ్చును.

అనుమతి విషయము మర్యాదకే గాక చట్టమునకు కూడ సంబంధించినది. వాణిజ్యపు ఎస్సెమ్మెస్సులు మూకుమ్మడిగా పంపువారు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి 2018 నాటి నిబంధనల ప్రకారము ముందుగా నమోదు చేసికొనవలెను. పంపువాని పేరు, పంపు మాటల నమూనా కూడ నమోదు కావలెను. మన సొంత నంబరునుండి వందలమందికి ప్రకటనలు పంపినయెడల, గ్రహీతలు 1909కు ఫిర్యాదు చేసినచో నంబరు తెగిపోవు ప్రమాదము ఉన్నది. ప్రకటనలు వద్దనుకొనువారు ఆ 1909 ద్వారానే తమ కోరికను నమోదు చేసికొందురు. వాట్సాపులోనైతే ఎక్కువమంది మనలను అడ్డగించి ఫిర్యాదు చేసినయెడల కంపెనీవారు ఖాతానే నిలిపివేయుదురు. అప్పుడు టోకువారితో నడుచు బేరములు కూడ ఆగును. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు ప్రత్యేక చట్టము చేయబడినది. ఒకరి సమాచారము వారి సమ్మతితో వాడవలెననుటయు, సమ్మతి ఇచ్చినంత సులభముగా దానిని వెనుకకు తీసికొనగలుగవలెననుటయు అందులోని మూలసూత్రములు.

ఆచరణలో ఇది కష్టము కాదు. "కొత్త సరుకు వచ్చినప్పుడు చెప్పమంటారా?" అని అడిగి, అవునన్నవారికి తేదీ వేసికొనుట. వద్దన్నవారి పేరు కొట్టివేయరాదు. కొట్టివేసిన, ఆరు నెలలకు మరియొక పుస్తకమునుండి అదే పేరు మరల ఎక్కును. వరుస ఉంచి, ఆ గడిలో ‘వద్దు’ అని ఎర్రసిరాతో వ్రాయవలెను. ఏ వర్గము ఏరినను మొదట ఎర్రసిరా పేర్లు తీసివేసిన తరువాతనే మిగిలిన పని.

మన కులసంఘపు గుంపులు, బంధువుల గుంపులు ఈ పట్టీలో చేరవు. ఆ గుంపులలో పెండ్లి పిలుపులు, చావుకబుర్లు వచ్చుచుండును. చావుకబురు క్రింద చాదరు ధర పడినది మేము కళ్ళార చూచినాము. పంపినవాడు చెడ్డవాడు కాడు, చూచుకొనలేదు. బంధువులలో కొనువారున్న వారిని అడిగి, గిరాకీలుగానే పట్టీలో వేరుగా వ్రాసికొనవలెను.

ఒక్క ఫోనులో ఉన్న పట్టీ ఉన్నట్లు కాదు. నెలకొకసారి నకలు తీసి, ఇంటిలో మరొకరివద్ద, వీలున్న అచ్చువేసి బిల్లు పుస్తకములతో పాటు ఉంచవలెను. రెండు నెలలకొకసారి కూర్చుండి మారిన నంబర్లు, పోయినవారు, ఊరు మారినవారు దిద్దవలెను. కాలము చేసిన ఇల్లాలి పేరున పండుగ కబురు పోవుటకంటె ఆ యింటికి బాధ వేరొకటి లేదు.

అన్నదమ్ములు విడిపడునప్పుడు ఈ పట్టీ ఎవరిదను ప్రశ్న వచ్చును. మగ్గములు లెక్కపెట్టి పంచుకొందురు, ముడినూలు తూచి పంచుకొందురు, పేర్లను ఎట్లు పంచుకొనుట? మా యింట అది వచ్చినప్పుడు టోకువారిని సరుకునుబట్టి విడదీసికొన్నాము, చాదర్లవారు అన్నగారికి, టవల్సువారు మాకు. చిల్లర గిరాకీలకు మాత్రము ఇద్దరము కలిసి ఫోను చేసి, ఎవరివద్ద తీసికొందురో వారినే అడిగి గడిలో వ్రాసినాము. ఇద్దరివద్దను తీసికొందుమన్నవారు కొందరున్నారు. వారి పేర్లు రెండు పట్టీలలోను ఉన్నవి. వారికి పంపునప్పుడు ముందుగా ఒకరి నొకరము అడిగియే పంపుచున్నాము.